చేతిలో పైపు లేని నెలలు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత చలిలో, దుప్పటి వదిలి వచ్చారంటే మీ మిద్దె మీద మొక్కలు పెట్టి పుట్టాయనే అనుకోవాలి.

నాది కడియం పక్క ఊరు. గోదావరి కాలవ గట్టు మీద నర్సరీల్లో సంచులకి మట్టి నింపుతూ ఈ పనిలోకొచ్చాను. హైదరాబాదులో ఇళ్లకీ, అపార్ట్‌మెంట్లకీ తోటపని చేయబట్టి పద్దెనిమిదేళ్లయింది. చలికాలం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను ఎక్కువగా మాటలు పడేది కూడా చలికాలంలోనే లెండి.

నవంబరు వచ్చిందంటే నా చేతిలో పైపు కనపడదు. పైపు పట్టని తోటమాలి బద్ధకస్తుడని లోకం లెక్క. ఒక అపార్ట్‌మెంటులో ‘నెలనెలా డబ్బులు తీసుకుంటూ వారానికి రెండుసార్లే నీళ్లు పోస్తావేంటయ్యా’ అని నిలదీశారు. చెప్పి చూశాను, ఎక్కలేదు. వాచ్‌మన్‌ చేత రోజూ పోయించారు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి చూద్దును కదా, వరండాలో వరసగా పెట్టిన అడీనియంలు, అదే ఎడారి గులాబీలు, పన్నెండూ తలలు వాల్చేశాయి. ఒకదాని దుంప నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది, కుళ్లిన బంగాళాదుంపలాగా. చలికి చచ్చిపోయాయన్నారు. నేనేం మాట్లాడలేదు.

మన ఊళ్లో చలికి చచ్చే మొక్కలు తక్కువండీ. నీళ్లకి చచ్చేవే ఎక్కువ. ఎండాకాలంలో ఆకు నీటిని ఆవిరిగా వదులుతుంది, ఆ లాగుడుకి వేరు కింద నుంచి తోడుతుంది. డిసెంబరులో ఎండ పలచన, పగలు చిన్నది, ఆ లాగుడు సగానికి సగం పడిపోతుంది. పోసిన నీళ్లు కుండీలోనే నిలబడి, మట్టిలో గాలి ఆడక, వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తోడలేదు కాబట్టి ఆకు వాడుతుంది. ఆకు వాడిందని మనం మళ్లీ చెంబెడు పోస్తాం. అందుకని వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. పోసేదేదో పొద్దున పోయండి, రాత్రికి మట్టి చల్లగా ముద్దలా ఉండకూడదు.

ఇక చేమంతి. కిందటేడు ఒకావిడ ఫోన్ చేసి, ‘ఒకే రోజు, ఒకే మట్టిలో పెట్టావు. గోడవైపువి విరగబూశాయి, గేటు పక్కవి మొగ్గ కూడా వెయ్యలేదు, నాసిరకం అంటగట్టావు’ అన్నారు. పగలు వెళ్లి చూస్తే నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లాను. గేటు స్తంభం మీద కొత్తగా ఎల్‌ఈడీ దీపం, తెల్లారేదాకా వెలిగేది, సరిగ్గా ఆ నాలుగు కుండీల నెత్తిన ఉంది. చేమంతి చలిని చూసి పూయదండీ, చీకటిని చూసి పూస్తుంది. రాత్రి పొడుగైతేనే దానికి మొగ్గ వెయ్యాలనిపిస్తుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో మనకి పగలు 11 గంటలే, రాత్రి దాదాపు 13. మధ్యలో దీపం వెలిగితే ఇంకా రాత్రి పెరగలేదనుకుని ఆకులే వేసుకుంటూ పోతుంది. వ్యాపారానికి పెంచేవాళ్లు పూత వెనక్కి జరపాలంటే కావాలనే తోటలో బల్బులు వేలాడదీస్తారు. క్రిస్మస్ కుండీల్లో ఎర్రగా ఉండే పాయిన్‌సెట్టియాదీ ఇదే గుణం. దాని ఎరుపు కూడా పువ్వు కాదు, రంగు మారిన ఆకు. ఆ నాలుగు చేమంతి కుండీలూ వరండా మూలకి జరిపించాను. ఫిబ్రవరిలో పూశాయి, ఆలస్యంగా, కాస్త చిన్నవిగా. పూత అయిపోయాక మొక్క పీకి పారెయ్యకండి. నాలుగంగుళాలుంచి కోసేస్తే మొదలు దగ్గర పిలకలొస్తాయి, వచ్చే ఏటికి అవే మీ నారు.

చేతికి పని చెప్పేది గులాబీ ఒక్కటే. వానలు వెనకబట్టాక, దసరా దాటాక కత్తెర తీస్తాను. కొమ్మ కోస్తే మధ్యలో బెండు తెల్లగా ఉండాలి. గోధుమరంగు కనపడితే చచ్చిన కొమ్మ, ఇంకా కిందికి వెళ్లాలి. బయటివైపు చూసే కన్ను, అంటే చిగురు పుట్టే చోటు, వెతికి, దానికి పావంగుళం పైన ఏటవాలుగా ఒక్క కోత. లోపలికి చూసే కన్ను మీద కోశారా, కొమ్మలన్నీ మధ్యకి దూరి గాలాడదు, బూడిద తెగులు అక్కడే మొదలవుతుంది. కోసిన నలభై అయిదు రోజులకి అటూఇటూగా పువ్వు. చేమంతులకి, చిక్కుడికి పేనుబంక పట్టినా కంగారు పడకండి. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్లు, ఎండ తగ్గాక కొట్టండి.

మామిడి ఉన్నవాళ్లకి ఒక్క మాట. పూతకి ముందు రెండు నెలలు చెట్టుకి నీళ్లు ఆపేయాలి. జాలిపడి పోశారో, పూత రావలసిన కొమ్మకి లేత ఇగురు వచ్చి కూర్చుంటుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ తడి. మల్లెది ఇంకా మొండి వైద్యం. నవంబరు చివర నీళ్లు ఆపేస్తాను. ఆకు రాలి, పుల్లల మోపులా తయారవుతుంది, ఇంటావిడకి ఏడుపొక్కటే తక్కువ. జనవరిలో మోకాలి ఎత్తుకి కోసి, చుట్టూ తవ్వి, పశువుల ఎరువేసి, అప్పుడు తీస్తాను పైపు. ఆ మొదటి తడికి మట్టి చప్పరించినట్టు చప్పుడొస్తుంది. దగ్గరగా చెవి పెట్టండి, వినబడుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, నా ఖాళీ కూడా దాంతోపాటే పోతుంది. అన్నట్టు, ఆ వెనక ఎవరో పసుపుబారిన తులసి కుండీ తెచ్చినట్టున్నారు. ముందుకి తీసుకురండమ్మా. నీళ్లు ఎప్పుడు పోశారు?