మా అవ్వ ఎలాంటిది? మా అవ్వ ఎలా ఉంది?

శ్రోతలకు నమస్కారం.

ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. అనంతపురంలో మా ఇంట్లో సాయంత్రాలు కొంతమంది పిల్లలకు స్పానిష్ చెప్తుంటాను. వాళ్లలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల ఊళ్లో కొన్నాళ్లుండి వెళ్లిన ఒక స్పెయిన్ నర్సమ్మకు ఆ అమ్మాయి ఉత్తరం రాసింది. పోస్టు చేసేముందు ఒకసారి చూడండి మేడం అని నా చేతికిచ్చింది. రూళ్ల కాగితం, నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. మూడో వరుసలో 'మి అబువేలా ఎస్ మాలా' అని ఉంది. 'మి అబువేలా' అంటే మా అవ్వ. అవ్వకు వారం రోజులుగా జ్వరం, ఆ మాటే రాశానని అనుకుంటోంది పిల్ల. కానీ స్పెయిన్‌లో ఆ వాక్యం చదివినవాళ్లకు వచ్చే అర్థం వేరు: మా అవ్వ చెడ్డది!

అందులో ఒక్క మాట మార్చాలి. 'ఎస్' కొట్టేసి 'ఎస్తా' అని రాయాలి. 'మి అబువేలా ఎస్తా మాలా' అంటే మా అవ్వకు ఒంట్లో బాగాలేదు. 'మాలా' అదే మాట. దాని ముందున్న చిన్న మాట మారితే జబ్బు మనిషి కాస్తా చెడ్డమనిషి అయిపోతుంది.

అనంతపురంలో స్పానిష్ ఏమిటా అని కొందరికి అనిపించవచ్చు. మా జిల్లావాళ్లకు మాత్రం కొత్త కాదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్, మనందరం ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకున్న ఆయన, 1969లో మా కరువు సీమకు వచ్చారు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. పేదల కోసం ఆయన మొదలుపెట్టిన పనులు చూడ్డానికి స్పెయిన్ నుంచి జనం ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లు మన ఇళ్లలో కూర్చుని, టీ తాగుతూ అడిగేది చాలా మటుకు మనుషుల గురించే. మీ నాన్న ఎలాంటివారు? మీ చెల్లెలు ఎలాంటి పిల్ల? దానికి జవాబు చెప్పడానికి ఈ పావుగంటలో కొన్ని మాటలు నేర్చుకుందాం.

అసలు ఆ అమ్మాయి పొరపాటు ఎక్కడ జరిగింది? స్పానిష్‌ను ఇంగ్లిష్ గుండా నేర్చుకుంది. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా 'ఈజ్' ఒకటే. మనిషి మంచిదైనా 'ఈజ్', మంచంలో ఉన్నా 'ఈజ్'. అందుకే ఇంగ్లిష్ పుస్తకాలు ఈ రెండింటి తేడా చెప్పడానికి పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి. మన పిల్లలు కూడా అవే పేజీలు బట్టీపడుతున్నారు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఎందుకంటే ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చింది.

ఒకసారి వినండి. 'ఆయన కోపిష్ఠి.' 'ఆయన కోపంగా ఉన్నాడు.' రెండూ ఒకటేనా? కాదు కదా. మొదటిది ఆయన స్వభావం. అందులో క్రియే లేదు. రెండోది ఆయన ప్రస్తుత పరిస్థితి. అక్కడ 'ఉన్నాడు' వచ్చింది. స్పానిష్‌లో మొదటిదానికి 'ఎస్', రెండోదానికి 'ఎస్తా'. తెలుగులో 'ఉన్నాడు, ఉంది' అనకుండానే మాట పూర్తయితే ఎస్. 'గా ఉన్నాడు, గా ఉంది' అని వస్తే ఎస్తా.

మరి 'ఆమె నెమ్మదిగా ఉంటుంది' అంటాం కదా, అక్కడేం చేయాలి? ఉంటుంది అన్నామంటే ఎప్పుడూ అంతే అని. అది స్వభావం. కాబట్టి ఎస్: 'ఎస్ త్రాంకీలా'. 'ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉంది' అంటే 'ఎస్తా త్రాంకీలా'. ఉంటుంది, ఉంది. ఈ రెండింటి మధ్య మనం ఎన్నడూ తడబడం. మూడేళ్ల పిల్లవాడు కూడా తడబడడు.

ఇంకో రెండు మాటలు కలిపితే ఇది మనసులో నాటుకుపోతుంది. 'ఎస్' లాటిన్ 'ఎస్త్' నుంచి వచ్చింది, దానికి సంస్కృతంలో చుట్టం 'అస్తి'. 'ఎస్తా'కు మూలరూపం 'ఎస్తార్', అది లాటిన్ 'స్తారె' నుంచి వచ్చింది. నిలబడడం అని అర్థం. దానికి సంస్కృతంలో చుట్టం 'స్థా' ధాతువు, అందులోంచే మన 'స్థితి'. అంటే ఎస్ అన్నది అస్తిత్వం, ఎస్తా అన్నది స్థితి. ఇది నేను కల్పించిన కిటుకు కాదు, ఆ మాటల పుట్టుకే అది. ఉచ్చారణలోనూ మనకు లాభమే. స్పానిష్‌లో 'త' అచ్చంగా మన త. ఇంగ్లిష్ అలవాటుతో 'ఎస్టా' అనకండి. నాలుక పళ్లకు ఆనించి హాయిగా 'ఎస్తా' అనండి.

ఇప్పుడు కొన్ని జంటలు చెప్తాను, నాతోపాటు పైకి అనండి. వంట చేస్తున్నవాళ్లు, బస్సులో ఉన్నవాళ్లు మనసులో అనుకున్నా సరే. 'ఎస్ ఓర్గుయోసో': గర్విష్ఠి. 'ఎస్తా ఓర్గుయోసో': గర్వంగా ఉన్నాడు, కొడుకు పాసయ్యాడనో, పంట పండిందనో. 'ఎస్ అబుర్రీదో': విసుగు పుట్టించే మనిషి. 'ఎస్తా అబుర్రీదో': విసుగ్గా ఉన్నాడు. 'ఎస్ కయాదా': మితభాషి. 'ఎస్తా కయాదా': ఎందుకో మౌనంగా ఉంది. 'ఎస్ లిస్తో': చురుకైనవాడు. 'ఎస్తా లిస్తో': సిద్ధంగా ఉన్నాడు. 'ఎస్ వివో': గడుసువాడు. 'ఎస్తా వివో': ప్రాణాలతో ఉన్నాడు. చూశారా, ప్రతి జంటలోనూ రెండోదాని దగ్గర మన 'ఉన్నాడు, ఉంది' దానంతట అదే వచ్చి కూర్చుంది.

చాలా పుస్తకాల్లో శాశ్వతమైతే ఎస్, తాత్కాలికమైతే ఎస్తా అని ఉంటుంది. నాకు ఆ సూత్రం నచ్చదు. చావు కంటే శాశ్వతం ఏముంది? అయినా 'ఎస్తా మువేర్తో' అంటారు, ఎస్ కాదు. మాడ్రిడ్ ఎక్కడికీ కదలదు, అయినా 'మాద్రిద్ ఎస్తా ఎన్ ఎస్పాన్యా'. మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది. 'ఉంది' అన్నాం, ఎస్తా వచ్చింది. పెళ్లి ఎక్కడ అంటే మాత్రం 'లా బోదా ఎస్ ఎన్ మి కాసా' అంటారు. మనమేమంటాం? పెళ్లి మా ఇంట్లోనే. అక్కడ 'ఉంది' లేదు, ఎస్తా కూడా లేదు.

అయితే ఇది అన్నిచోట్లా కళ్లు మూసుకుని వాడే పద్ధతి కాదు. పెళ్లిచూపుల నుంచి వచ్చి 'అబ్బాయి పొడుగ్గా ఉన్నాడు' అంటాం. స్పానిష్‌లో అది 'ఎస్ ఆల్తో'. అక్కడ ఒక్క క్షణం ఆగి, 'పొడగరి' అనో 'పొడుగ్గా ఉంటాడు' అనో మార్చి చూసుకోండి. అర్థం చెడకపోతే ఎస్. అలాగే 'ఆవిడకు ఓపిక ఎక్కువ' అన్నప్పుడు రెండూ కాదు, 'తియేనె' వస్తుంది: 'తియేనె ముచా పసియెన్సియా'. ఫలానావారికి ఫలానాది ఉంది అనే చోట తియేనె.

అన్నిటికంటే ముందు ప్రశ్నను చెవిలో పట్టుకోవాలి. 'కోమో ఎస్తా తు మాద్రె?' అంటే మీ అమ్మ ఎలా ఉన్నారు? బాగున్నారు అంటే చాలు. 'కోమో ఎస్ తు మాద్రె?' అంటే మీ అమ్మ ఎలాంటివారు? దానికి బాగున్నారు అంటే అడిగినవాళ్లకు ఏమీ అందదు. 'ఎస్ కరిన్యోసా', ప్రేమగల మనిషి. 'ఎస్ త్రబహదోరా', కష్టజీవి. 'ఎస్ అలెగ్రె', నవ్వుతూ తుళ్లుతూ ఉంటుంది. అలా చెప్పాలి.

మాట చివర మగవాళ్లకు ఓ, ఆడవాళ్లకు ఆ వస్తుంది. సింపాతికో, సింపాతికా. మంచివాడు, మంచిది అన్నట్టే కాబట్టి మనకు కష్టం కాదు. 'అలెగ్రె', 'ఇంతెలిహెంతె' లాంటివి ఇద్దరికీ ఒకటే. 'ఒప్తిమిస్తా', 'ఎగోయిస్తా' లాంటివి చివర ఆ ఉన్నా మగవాడికీ అంతే. 'ఒప్తిమిస్తో' అనే మాటే లేదు. మగవాడి గురించి చెప్తున్నా 'ఎస్ ఉనా బువేనా పెర్సోనా' అనే అనాలి. 'పెర్సోనా' స్త్రీలింగం. విశేషణం ఆ మాటకు లోబడుతుంది, మనిషికి కాదు.

నాకు బాగా ఇష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. మన తెలుగులో తిండిపోతు, ఏడుపుగొట్టు, నిద్రమొద్దు అని మనుషులకు పేర్లు పెడతాం కదా. స్పానిష్‌వాళ్లు ఈ పనంతా ఒక్క 'ఓన్'తో చేస్తారు. తిండిపోతు 'కొమిలోన్'. ఏడుపుగొట్టు 'యొరోన్'. నిద్రమొద్దు 'దొర్మిలోన్'. అందరిమీదా పెత్తనం చేసేవాడు 'మందోన్'. ఊరికే ప్రశ్నలు వేసేవాడు 'ప్రెగుంతోన్'. అమ్మాయైతే కొమిలోనా, యొరోనా, మందోనా. మా క్లాసులో ఈ పాఠం చెప్పిన రోజు పిల్లలు ఇళ్లకు వెళ్లి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇవన్నీ పంచిపెట్టేశారు. ఒక తల్లి మర్నాడు వచ్చి, మా చిన్నోణ్ని యొరోన్ అంటున్నారు, తిట్టా మేడం అని అడిగింది. తిట్టు కాదమ్మా, మనం ఏడుపుగొట్టు అని ముద్దుగా అంటామే, అలాంటిదే అన్నాను. అయినా పెద్దవాళ్ల దగ్గర మాత్రం వాడకండి.

పెద్దవాళ్ల గురించి ఒక లోపం చెప్పాల్సి వస్తే స్పానిష్‌వాళ్లు ముందు 'ఉన్ పోకో' అంటారు, మన 'కాస్త' లాగా. 'ఎస్ ఉన్ పోకో తకాన్యో', కాస్త పిసినారి. ఆ 'ఉన్' మరిచిపోవద్దు. 'ఎస్ పోకో సింపాతికో' అంటే కాస్త మంచివాడని కాదు, ఏమంత కలుపుగోలు మనిషి కాదని.

పిసినారి అంటే గుర్తొచ్చింది. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అని మనం ఒక బొమ్మ కట్టి చూపిస్తాం. మెక్సికోలో మాట కూడా అక్కర్లేదు, అరచేత్తో మోచేతిని తడతారు. మోచేతిని 'కోదో' అంటారు, పిసినారినీ 'కోదో' అంటారు. ఆపకుండా మాట్లాడే మనిషి 'మోచేతులతో మాట్లాడతాడు': 'ఆబ్లా పోర్ లోస్ కోదోస్'. ముక్కుసూటి మనిషికి 'నాలుక మీద వెంట్రుకలు లేవు': 'నో తియేనె పేలోస్ ఎన్ లా లెంగ్వా'. మనం ముక్కు అన్నాం, వాళ్లు నాలుక అన్నారు.

ఇంగ్లిష్ మాటల్లా వినిపించేవాటితో మాత్రం జాగ్రత్త. 'ఎదుకాదో' అంటే చదువుకున్నవాడు కాదు, మర్యాద తెలిసినవాడు. బడి ముఖం చూడని మా అవ్వలు ఎందరో 'ముయ్ ఎదుకాదాస్', అంటే ఎంతో మర్యాద తెలిసినవాళ్లు. 'సెన్సీబ్లె' అంటే సెన్సిబుల్ కాదు, సున్నిత మనసుగల మనిషి. వివేకం ఉన్న మనిషిని 'సెన్సాతో' అంటారు. 'సింపాతికో'లో సింపతీ ఏమీ లేదు. చూడగానే నచ్చే మనిషి, అంతే.

చనిపోయినవాళ్ల గురించి చెప్పాలంటే? అప్పుడు 'ఎస్' కాస్తా 'ఎరా' అవుతుంది. ఇక్కడా తెలుగే దారి చూపిస్తుంది. స్వభావానికి మనం 'ఉండేవాడు, ఉండేది' అంటాం కదా, అదే ఎరా. ఫాదర్ ఫెర్రర్ ఉదారంగా ఉండేవారు: 'ఎరా హెనెరోసో'. ఆయన గొప్ప మనిషి: 'ఎరా ఉన్ గ్రాన్ ఒంబ్రె'. ఈ గ్రాన్ మాట ముందే రావాలి. వెనక్కి జరిపి 'ఒంబ్రె గ్రాందె' అంటే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అవుతాడు. అలాగే 'పోబ్రె ఒంబ్రె' అంటే అయ్యో పాపం అనిపించే మనిషి. 'ఒంబ్రె పోబ్రె' అంటే చేతిలో డబ్బు లేనివాడు. తెలుగులో విశేషణం ఎప్పుడూ ముందే ఉంటుంది కాబట్టి ఈ ఒక్కచోట మనకు అలవాటు సాయపడదు. విని విని నేర్చుకోవాల్సిందే.

ఆ ఉత్తరం ఏమైందో చెప్తాను. మూడో వరుస దిద్దుకుని పంపింది. పది రోజులకు ఇంకొకటి రాసుకొచ్చింది. ఈసారి 'మి అబువేలా యా ఎస్తా బియెన్' అని ఉంది. మా అవ్వకు ఇప్పుడు బాగుంది. ఎస్తా ఎక్కడుండాలో అక్కడే ఉంది. అవ్వ ఎలాంటిదో కూడా ఒక మాట రాయమ్మా అన్నాను. స్పెయిన్‌లో మంచి మనిషిని 'మాస్ బువేనా కే ఎల్ పాన్' అంటారని చెప్పాను. రొట్టె కన్నా మంచిది అని. వెన్నలాంటి మనసు అని మనం అన్నట్టే వాళ్లకు అది రొట్టె.

పిల్ల కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత అడిగింది, "మేడం, మా అవ్వ రొట్టె చేయదు గదా, సంగటి అని రాయచ్చా?"

రాయమన్నాను. 'మాస్ బువేనా కే లా సంగటి' అని రాసి, కింద రెండు వరుసల్లో రాగి సంగటి అంటే ఏమిటో, దాన్ని ఎలా ముద్ద చేస్తారో, అవ్వ చేత్తో తింటే ఎలా ఉంటుందో స్పానిష్‌లోనే వివరంగా రాసి, కవరు అంటించింది.

సెలవు. నమస్కారం.