లెక్కలోకి రాని మూడో కలుపు

[దగ్గరి షాట్: ఒడినిండా శెనక్కాయలు. ఒక చెయ్యి కాయను నేలకేసి తట్టి, బొటనవేలితో నొక్కి, విత్తనాలను చేటలోకి జారవిడుస్తుంది. ఆ వేలి గోరు ఒకవైపు అరిగిపోయి ఉంటుంది.]

వాయిస్: మే నెల. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఒక పల్లె. వాన పడితే వెయ్యడానికి విత్తనం ఒలుస్తున్నారు. మెషిన్‌లో వేస్తే గింజ పగలొచ్చు, పైపొర లేచిపోవచ్చు. అలాంటిది సరిగా మొలవదు. అందుకే విత్తనానికి చాలామంది ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు. ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్ళే.

[ప్రెజెంటర్ అరుగు మీద కూర్చుని ఉంటుంది. చేతిలో క్లిప్‌బోర్డు.]

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో నేను ఇలాంటి అరుగు మీదే కూర్చున్నా. చేతిలో పన్నెండు పేజీల సర్వే ఫారం. మొదటి గడి: ఇంటి యజమాని పేరు. అక్కడ కాయలు ఒలుస్తున్న అక్కను అడిగితే, "నాకేం తెలుస్తాది పాపా, మా ఇంటాయన వస్తాడు, వచ్చినాక రాసుకో" అనింది. సరే అని కాసుకున్నా. ఆయన వచ్చాడు, బండి స్టాండ్ వేశాడు.

"కలుపు ఎన్నిసార్లు తీస్తారన్నా?"

"రెండు."

రాశాను. చేట దగ్గర నుంచి, తలెత్తకుండానే, "మూడు" అని వినబడింది.

ఆయన నవ్వాడు. "మూడోది లెక్కలోకి రాదులేమ్మా. దానికి కూలోళ్ళను పిలవలే. ఇంట్లోవాళ్ళే తీసినారు."

నేను రెండు అనే ఉంచేశా. ఎందుకంటే నా ఫారంలో ఉన్న గడి "కలుపు కూలీ ఖర్చు". ఖర్చు లేదు కాబట్టి కలుపూ లేదు.

[స్క్రీన్ మీద అక్షరాలు: లెక్కలోకి రాని మూడో కలుపు]

ఈ మధ్య యువ పరిశోధకుల మాటల్లో ఫెమినిస్ట్ సైన్స్ అని తరచూ వినిపిస్తోంది. పేరు వినగానే మా డిపార్ట్‌మెంట్ టీ బంకు దగ్గర మొదట వచ్చే ప్రశ్న: "అంటే మగోళ్ళ మీద కోపమా?" కాదప్పా. ల్యాబులో ఎంతమంది ఆడవాళ్ళున్నారు అని తలలు లెక్కపెట్టడం దాంట్లో ఒక ముక్క మాత్రమే. అసలు సంగతి, ప్రశ్న ఎవరు రాశారు, ఎవరిని అడిగారు, ఎవరి కష్టానికి ఫారంలో గడి లేదు అని చూడడం. సాండ్రా హార్డింగ్ అనే అమెరికన్ తత్వవేత్త దీన్ని గట్టిగా వాదించింది: అంచున ఉన్నవాళ్ళ జీవితం నుంచి ప్రశ్న మొదలుపెడితే సైన్స్ నిష్పాక్షికత తగ్గదు, ఇంకా గట్టిపడుతుంది.

తత్వశాస్త్రం చాలు. మందుబిళ్ళ దగ్గరికి వద్దాం.

[దృశ్యం: అరచేతిలో చిన్న మాత్ర.]

జోల్పిడెం అని నిద్రమాత్ర. అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. మామూలు డోసు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే, 10 మిల్లీగ్రాములు. రాత్రి వేసుకుని పడుకుంటారు, పొద్దున లేచి కారు నడుపుకుంటూ ఆఫీసుకి పోతారు. కానీ ఆడవాళ్ళ ఒంట్లో నుంచి ఈ మందు నెమ్మదిగా బయటికి పోతుంది. తెల్లారేసరికి కూడా రక్తంలో ఎక్కువగానే మిగిలి ఉంటుంది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంటుంది గానీ, మత్తు పూర్తిగా దిగి ఉండదు. 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఆడవాళ్ళ డోసును సగానికి, 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. మధ్యలో పోయింది ఇరవై ఏళ్ళు! ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. మగ శరీరాన్నే మామూలు శరీరం అనుకున్నారు, అంతే. నా ఫారంలో "ఇంటి యజమాని" గడి కూడా అచ్చం అలాంటిదే.

మళ్ళీ శెనక్కాయ చేనుకి. మద్దతు ధర లెక్కల్లో ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అని ఒక పద్ధతి ఉంది. రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చుకి, ఇంటి మనుషులు కూలి లేకుండా చేసిన పనికి విలువ కట్టి కలుపుతారు. అంటే పద్ధతి మంచిదే, ఇంటి కష్టాన్ని లెక్కించమనే చెబుతోంది. కానీ ఊర్లో అరుగు మీద "రెండు" అని రాసుకుంటే, పైన ఎంత మంచి ఫార్ములా ఉన్నా ఏం లాభం? మూడో కలుపు వంగిన నడుముల్లోనే ఉండిపోతుంది. నా ఫారం మద్దతు ధరకి పోయేది కాదు, చిన్న థీసిస్‌కి. కానీ తప్పు పుట్టే చోటు ఒకటే.

[దృశ్యం: పెరికిన శెనక్కాయ చెట్లు, పక్కన ఆవు మేస్తూ ఉంటుంది.]

అడిగే పద్ధతి మారితే జవాబు ఎలా మారుతుందో మన జిల్లాలోనే చూడొచ్చు. 1940లో వచ్చిన టీఎంవీ-2 రకం శెనక్కాయ ఇక్కడ దశాబ్దాల తరబడి ఏలింది. 2000 తర్వాత మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు కొత్త రకాలను రైతుల చేలల్లోనే వేయించి, ఏది నచ్చిందో వాళ్ళనే ఎంచుకోమన్నారు. అట్లా నిలబడిన రకం ఐసీజీవీ 91114. రైతులు చూసింది కాయ ఒక్కటే కాదు, కట్టె కూడా, అంటే కాయ తీసేశాక మిగిలే చెట్టు. పంట పోయిన ఏడు పశువుకి ఆ కట్టే దిక్కు. గడ్డి వేసేది, పాలు పిండేది చాలా ఇళ్ళల్లో ఆడమనిషే. ఎకరాకి ఎన్ని బస్తాలు అని మాత్రమే అడిగితే కట్టె మాట బయటికి రాదు.

[ప్రెజెంటర్ నడుస్తూ మాట్లాడుతుంది.]

ఇదంతా కుర్ర పరిశోధకులకే ఎందుకు చెబుతున్నానంటే, ఫారం పట్టుకుని ఊరికి పోయేది ప్రొఫెసర్ కాదు. స్కాలరో, ప్రాజెక్ట్ అసిస్టెంటో. చెప్పు తెగేది మాది, కాబట్టి తప్పు ముందు కనబడేదీ మాకే. చెప్పడానికి మాత్రం నోరు రాదు. థీసిస్ మీద గైడ్ సంతకం, ఫెలోషిప్ బిల్లు మీద ఇంకొకరి సంతకం.

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థిని రేడియో టెలిస్కోపు నుంచి వచ్చే చార్టు కాగితాలను, గజాలకు గజాలు, కళ్ళతో చూసుకుంటూ పోయేది. ఒకచోట చిన్న గజిబిజి గీత కనబడింది. యంత్రం లోపమని కొట్టిపారేయకుండా పట్టుకుంది. అదే పల్సర్, గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం. 1974లో దానికి నోబెల్ వచ్చింది, ఆమె గైడుకి! 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే, ఆ డబ్బంతా ఫిజిక్సులో అవకాశాలు తక్కువగా దక్కే వర్గాల పరిశోధక విద్యార్థుల స్కాలర్‌షిప్పులకే ఇచ్చేసింది.

మన పక్కన బెంగుళూరులో 1933లో కమలా సోహోనీ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటు అడిగితే, ఆడపిల్ల అని సి.వి. రామన్ కాదన్నారు. పట్టుబట్టాక, ఒక ఏడాది పరీక్షగా చూస్తాం అనే షరతు మీద తీసుకున్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందింది. రామన్ ఎఫెక్ట్ పేరు మీద మనం ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డే జరుపుతాం కదా, 2020లో ఆ రోజుకి పెట్టిన థీమ్ "సైన్స్‌లో మహిళలు". చరిత్రకు హాస్యం తెలుసు.

[దృశ్యం: ఖాళీ నీళ్ళ సీసా, జీపు సీటు మీద.]

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. ఫీల్డుకి పోయే రోజు మేం ఆడపిల్లలం పొద్దున్నుంచి నీళ్ళు తాగం. బాత్రూమ్ ఉండదు కాబట్టి. ఎండ మండుతుంటుంది, మధ్యాహ్నం రెండుకల్లా తల పగిలిపోతుంది, ఇంక చాలని వెనక్కి తిరుగుతాం. కూలికి పోయిన ఆడవాళ్ళు ఇల్లు చేరేది ఆ తర్వాతే. అంటే మా శాంపుల్‌లో కూలి ఆడవాళ్ళు ఉండరు. బాత్రూమ్ లేకపోవడం నేరుగా డేటాలో దిగింది. దీన్ని సౌకర్యాల సమస్య అని పక్కన పెట్టేవాళ్ళతో నాకు పేచీ. ఇది శాంప్లింగ్ సమస్య.

జీపు సంగతీ అంతే. గుడి దగ్గర చెట్టు కింద ఆగుతుంది, సర్వే అక్కడే మొదలవుతుంది. ఎస్సీ కాలనీకి వచ్చేసరికి ఫారాలు అయిపోతాయి, లేదా పొద్దు గూకుతుంది. మేం ఇప్పుడు జీపు కాలనీ చివరే ఆపుతున్నాం, ఊరి పెద్దలు కాస్త చిన్నబుచ్చుకున్నా సరే.

ఫారంలో "ఇంటి యజమాని" తీసేసి "జవాబు చెప్పినవారు" అని పెట్టాం. భార్యనీ భర్తనీ వేరువేరుగా అడిగి, తేడా వస్తే రెండూ రాస్తాం. సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉండేది. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం మాకే సిగ్గనిపించి, తెలుగులో రాసి చదివి వినిపిస్తున్నాం. గైడ్ దగ్గర ఫెమినిజం అనే మాట తేవద్దని నా సలహా. "సార్, కొలతలో బయాస్ వస్తోంది" అనండి. వెంటనే ఒప్పుకుంటారు. అసలు పేరు చివర్లో వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే నోటి పరీక్షలో చెప్పుకోవచ్చు.

చెల్లెళ్ళకు ఒక మాట, చాలామందికి తెలియక టెన్షన్ పడతారు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే మహిళలకు ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఉంది. గడువులో మహిళలకూ, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవాళ్ళకూ అదనంగా రెండేళ్ళు సడలింపు ఇవ్వొచ్చు. ఆఫీసులో "అట్లాంటిది ఏమీ లేదమ్మా" అంటే నిబంధన ప్రింటు తీసి చేతిలో పెట్టండి.

[మళ్ళీ అదే అరుగు. అదే చేట. ప్రెజెంటర్ కొత్త ఫారంతో కూర్చుంటుంది.]

పోయిన నెల మళ్ళీ అక్క దగ్గరికి పోయాం. ఈసారి ఆయన కోసం కాసుకోలేదు. అక్క చెప్పింది రాసుకుని, లేవబోతుంటే ఆపింది.

"ఏం రాసినావో చదువు పాపా."

చదివాను. విత్తనం, ఎరువు, కలుపు మూడుసార్లు...

"నాలుగు. పోయినేడు వానలు ఎక్కువ కదా. కొట్టేసి రాయి."

[దగ్గరి షాట్: పెన్ను 3ని కొట్టేసి, పక్కన 4 రాస్తుంది.]