చెట్టు సాలీడుకి ఎలాంటి ఇల్లు కావాలి?

హోస్ట్: నమస్తే అండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాం, ఇవాళ మొగల్రాజపురం నుంచి మన అన్న వచ్చారు, చాలా ఏళ్లుగా టరాంటులాలు, అంటే పెద్ద బొచ్చు సాలీళ్లు పెంచుతున్నారు. అన్నా, నేనొక పింక్ టో అనే చెట్టు సాలీడు తెచ్చుకుందామనుకుంటున్నా, ఇంట్లో పాత చేపల ట్యాంక్ ఉంది, రెండడుగుల పొడవు, సరిపోద్దా?

అన్న: వద్దు తమ్ముడూ. దానికి పొడవు కాదు, ఎత్తు కావాలి. నేలలో బొరియ తవ్వుకునే రకాలకైతే ఎత్తు తక్కువుండాలి, అవి బరువుగా ఉంటాయి, పైనుంచి పడితే పొట్ట పగిలిపోద్ది. పింక్ టో అలా కాదు, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికేది. కాళ్లు చాపితే ఎంతుంటదో దానికి మూడింతల ఎత్తు, రెండింతల వెడల్పు లెక్కేస్కో. పెద్దదానికి 20 బై 20 బై 30 సెంటీమీటర్లు, అందులో 30 ఎత్తు.

హోస్ట్: అయితే ట్యాంక్‌నే నిలబెట్టేస్తే?

అన్న: గాలి ఎక్కడినుంచి వస్తది మరి? అసలు విషయం అదే. మొదట్లో నేనూ తేమ తేమ అని గాజు సీసాలో పెట్టి రోజూ నీళ్లు కొట్టా, మూతకి మాత్రమే నాలుగు చిల్లులు, లోపలంతా ఉక్క, నెల తిరక్కుండా చనిపోయింది. చాలా బాధపడ్డాను, ఇప్పటికీ గుర్తొస్తే బాధే. చిల్లులు రెండు ఎదురెదురు పక్కల ఉండాలి, ఒకవైపు కింద, ఇంకోవైపు పైన, గాలి అడ్డంగా పారాలి. ఇనప జాలీ పెట్టకు, కాలి గోళ్లు ఇరుక్కుంటాయి. షీల్డులు, నేమ్ బోర్డులు చేసే షాపులో అక్రిలిక్ షీట్ కోయించి చిల్లులు వేయించుకో.

హోస్ట్: తలుపు పైనా, ముందా?

అన్న: ముందు. ఇవి పైమూలలోనే గూడు అల్లుతాయి, పైమూత పెట్టావనుకో దానికే అల్లేస్తది, తీసిన ప్రతిసారీ ఇల్లు కూల్చినట్టే, అది కంగారుపడి బయటికి దూకుద్ది. తలుపు సందు కూడా చూస్కో, తల పట్టేంత సందున్నా దూరిపోద్ది. లోపల బెరడు ముక్క ఒకటి నిలువుగా ఆనించి పైన ప్లాస్టిక్ ఆకులు, కింద రెండు మూడు అంగుళాల కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొడి, చిన్న నీళ్ల గిన్నె. అంతే.

హోస్ట్: మరి మన మే నెల ఎండలకి?

అన్న: హీటర్ మాట మర్చిపో. కిటికీ ఎండ పడని చల్లటి గోడవైపు పెట్టు. ఇంకా ముఖ్యం, ఆ గదిలో దోమల కాయిల్, లిక్విడ్ మెషీన్ పెట్టొద్దు, దోమని చంపే మందు సాలీడునీ చంపుద్ది. మన ఇళ్లల్లో ఇది ఎవరికీ గుర్తుండదు, ఇంట్లో అందరికీ చెప్పిపెట్టు. చీమలు పట్టకుండా తిని వదిలేసిన పురుగు ముక్కలు వెంటనే తీసెయ్.

హోస్ట్: గుత్తి నీలం సాలీడు అని మనదే ఒకటుందిగా?

అన్న: ఉంది, 1899లో దాని గురించి మొదట రాసినప్పుడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో, అసలు ఊరేమో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. పాత చెట్ల తొర్రల్లో ఉంటది, చెట్లు కొట్టేస్తే దానికి చోటే లేదు, అంతరించిపోయే దశలో ఉంది. అడవిలోంచి పట్టి తెచ్చామంటే ఎవరైనా సరే, కొనకు తమ్ముడూ, దండం పెట్టి చెప్తున్నా.

హోస్ట్: కొనను అన్నా. పింక్ టో పిల్ల తెస్తే కూడా ఇదే బాక్సా?

అన్న: కాదు, పిల్లకి చిన్న డబ్బా చాలు, పెద్దదాంట్లో వేస్తే పురుగు దొరక్క పస్తులుంటది. శనివారం సాయంత్రం ఇంటికి రా, నా దగ్గర చిల్లులేసిన డబ్బాలున్నాయి, ఒకటి పట్టుకెళ్దువు.