బలిమెల నీళ్ళు ఎవరు తాగేస్తున్నారు? – స్టూడియో చర్చ

(జయపురం స్టూడియోలో జరిగిన చర్చ. మాటలు దాదాపు ఉన్నవున్నట్టుగా.)

యాంకర్: నమస్కారం. పోయిన వారం ఒడిశాలోని బలిమెల రిజర్వాయరులో, చిత్రకొండ దగ్గర, లాంచీ బురదలో దిగబడి, జనం మొలలోతు నీళ్ళలో నడిచొచ్చారు. ఆంధ్రాకి నీళ్ళు ఎక్కువ వదిలేస్తున్నారని గొడవ. అందరికీ సమానంగా టైమిస్తాను. ముందు రిటైర్డ్ ఇంజనీరుగారు.

ఇంజనీరు: ఎక్కువేం లేదండీ. సీలేరు నది నీళ్ళు రెండు రాష్ట్రాలకీ సగం సగం. ఒడిశా వాటా బలిమెల పవర్ హౌస్‌కి, 510 మెగావాట్లు, అటునుంచి పొట్టేరు పొలాలకి. ఆంధ్రా వాటా నదిలోనే దిగి కింది డ్యాములకి, గుంటవాడ, డొంకరాయి...

మత్స్యకారుడు: బాబూ, లెక్క సరేగానీ–

ఇంజనీరు: పూర్తి చెయ్యనివ్వండి. పైన మాచ్‌ఖండ్‌ పవర్ హౌస్‌లో 1955 నుంచీ కరెంటు తీస్తున్న నీళ్ళే ఇవి. వేసవిలో కరెంటు వాడకం పెరిగితే నీళ్ళు దిగవా?

యాంకర్: అక్కడ డుడుమ జలపాతం, ఇక్కడ ఇంత చెరువు. బోటింగ్ పెడితే?

టీచరు: బోటింగ్ తర్వాత సార్. 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా 151 ఊళ్ళు కటాఫ్ ఏరియాలో, అంటే నీళ్ళ వల్ల దారి తెగిపోయిన చోట, ఉన్నాయి. పురిటి నొప్పులొచ్చినా పడవే. ఊళ్ళు ముంచి తీసిన కరెంటు ఆ ఊళ్ళకి ఎప్పుడొచ్చింది?

ఇంజనీరు: అది పంపిణీవాళ్ళ పని. మాది జనరేషన్.

టీచరు: ఎప్పుడడిగినా ఇదే జవాబు–

ఇంజనీరు: 910 మీటర్ల వంతెనమ్మా, తక్కువా? అసలు మాచ్‌ఖండ్‌ వాటాల్లో మొదట ఆంధ్రాకి 70 శాతం, ఒడిశాకి 30. ఆ కథ చెప్తే...

[ఇద్దరూ ఒకేసారి. ఏమీ వినపడలేదు. వాటాల కథ రెండు నిమిషాలు సాగింది. అందులో లాంచీ ఊసు లేదు.]

యాంకర్: పెద్దాయనా, మీరు చెప్పండి. టూరిస్టులొస్తే మీకూ నాలుగు డబ్బులు కదా?

మత్స్యకారుడు: నీళ్ళు దిగితే మా పాతూరి చింతమొద్దు బయటపడతాది బాబూ. దాని ఏళ్ళ సందున మా అమ్మ రోలుంది, ఓ పక్క పగిలిపోయింది. పోయినేడు నా వల దానికే సిక్కుకుంది. కోసి తీసుకున్నాను, వల పాడైపోనాది. మా ఊరు మునిగినప్పుడు నాకు ఆరేళ్ళు. నీళ్ళు నిండుగుంటే సేపలు దొరకవు, దిగితే లాంచీ రాదు. ఏటి సెప్పమంటారు?

యాంకర్: రోలు! అది చూడ్డానికి కూడా జనం వస్తారండీ!

టీచరు: అది వాళ్ళమ్మ రోలు సార్.

ఇంజనీరు: సెంటిమెంటుతో డ్యాములు నడవవు. సగం సగం అని ముందే చెప్పాను. మళ్ళీ చెప్తాను, సీలేరు నీళ్ళు–

మత్స్యకారుడు: ఆ లాంచీకి కాస్త లోతుండేలా ఓ పూట గేట్లు–

ఇంజనీరు: గేట్లు మీరనుకున్నట్టు తియ్యరు, ముయ్యరు.

యాంకర్: టైమైపోయింది. ఇంజనీరుగారూ, ఆఖరిగా ఒక్క ముక్క.

ఇంజనీరు: ఒకటి కాదండీ, మూడున్నాయి. మొదటిది, మాచ్‌ఖండ్‌ 120 మెగావాట్లు...

[సంగీతం]