ఇరుకు వంటగది విశాలంగా కనిపించాలంటే

నమస్తే అండీ. ఇది ఒడిశాలోని బరంపురంలో మా పిన్ని వాళ్ల వంటగది. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. మన పాత వీధుల్లో ఇళ్లు ఇలాగే ఉంటాయి కదా, పక్కింటికీ మనకీ ఒకటే గోడ, వెలుతురు రావాలంటే పెరటి వైపు నుంచే రావాలి. గోడలు జరపలేం. అందుకే గుమ్మంలో నిలబడి లోపలికి చూడండి. మీ చూపు ఎక్కడ అడ్డం పడుతోందో అక్కడే పని మొదలుపెట్టాలి.

ఇక్కడ అడ్డం ఇదిగో, కిటికీని ఆనుకుని గట్టు పైన ఉన్న ఈ అల్మారా. దగ్గరగా చూపిస్తాను. కిటికీలోంచి వచ్చే వెలుతురంతా దీని పక్క చెక్కకి తగిలి ఆగిపోతోంది. సరిగ్గా కూరలు తరిగే చోట పట్టపగలే నీడ! దీన్ని తీసేస్తున్నాం. ఆ గోడకి 8 అంగుళాల షెల్ఫ్ ఒక్కటి చాలు. రోజూ వాడే గ్లాసులు, పోపుల డబ్బా, అంతే. షెల్ఫ్ కింద ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టించేటప్పుడు గోడ వైపు కాదు, ముందు అంచుకి పెట్టించండి. అప్పుడే మీ చేతి నీడ గట్టు మీద పడదు.

మరి సామాన్లు? ఎదుటి గోడకి అటక దాకా ఒకే నిలువు అల్మారా. లెక్క చూడండి: గట్టు 2 అడుగులు, అల్మారా 1 అడుగు, మధ్యలో 3 అడుగులు. నడవడానికి అంతకంటే తగ్గనివ్వకండి. బరంపురం ఇల్లంటే అప్పడాల డబ్బాలు, ఊరగాయ జాడీలు తప్పవు, అవి నేల మీద వరుస కడితే గది సగమైపోతుంది. బరువైన జాడీలు అల్మారా కింది అరలోకి. అల్మారాకి 6 అంగుళాల కాళ్లు పెట్టించండి. చీపురు దూరుతుంది, నేల గోడ దాకా కనిపిస్తుంది. గది పెద్దదనిపించేది నిజంగా ఇక్కడే.

రంగు తెల్లగానే ఉండాలని లేదు. గోడ, టైల్స్, అల్మారా ఒకే ఛాయలో ఉంటే చాలు. టైల్స్ మధ్య గీతల్లో నింపేది కూడా అదే రంగు.

గ్యాస్ బండని మాత్రం అందం కోసం బిగించి మూసేయొద్దు. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. దాన్ని పెట్టే అర తలుపుకి కింది భాగంలో జాలీ ఉండి తీరాలి.

గోపాల్‌పూర్ సముద్రం మనకి దగ్గరే, ఉప్పు గాలికి ఇనుప కీళ్లు త్వరగా తుప్పు పడతాయి. స్టీలువే అడగండి. సింకు కింద మామూలు ప్లైవుడ్ ఉబ్బిపోతుంది, నీటికి తట్టుకునే మెరైన్ ప్లై వేయించండి. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి మన దేశ ప్రమాణం) ముద్ర మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.