వర్చువల్ డిస్క్ ఫైలుని ముట్టుకునే ప్యాచ్‌ని ఎలా రివ్యూ చేయాలి?

[తెర మీద: ఎడమ వైపు టెర్మినల్, కుడి వైపు ఎరుపు, ఆకుపచ్చ లైన్లతో ఒక ప్యాచ్]

నమస్తే అండీ. వర్చువల్ మెషీన్లతో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లతో, పని చేసేవాళ్లకి వాటిని నడిపే క్యూఎము అనే ప్రోగ్రామ్ పరిచయమే. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. దానితో పాటే క్యూఎము-ఐఎంజీ అనే టూల్ వస్తుంది. డిస్క్ ఫైల్ సృష్టించాలన్నా, ఫార్మాట్ మార్చాలన్నా, సైజు పెంచాలన్నా, బాగుందో లేదో చూడాలన్నా అదే. ఈ వీడియోలో ఆ టూల్ వెనకున్న, క్యూకౌ2 అనే డిస్క్ ఫైల్ ఫార్మాట్‌ని చూసుకునే కోడ్‌కి వచ్చిన ఒక మార్పుని, అంటే ప్యాచ్‌ని, లైన్ లైన్‌గా చదువుదాం. ప్యాచ్ ఈ వీడియో కోసం నేను తయారు చేసిందే. ఇందులోని తప్పులు మాత్రం నిజం కోడ్‌లో దొర్లే రకాలే.

మామూలు ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే అది ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేస్తాం. ఇక్కడ బగ్ ఉంటే ఎవరిదో డేటాబేస్ పాడవుతుంది. అదీ వెంటనే బయటపడదు. అందుకే ఇలాంటి ప్యాచ్ చదివేటప్పుడు నేను రాయడం జరిగే ప్రతి చోటా ఒకటే ప్రశ్న వేసుకుంటాను: సరిగ్గా ఈ లైన్ దగ్గర కరెంటు పోతే డిస్క్ మీద ఏం మిగులుతుంది?

[తెర మీద: క్యూకౌ2 ఫైల్ బొమ్మ. హెడర్, ఎల్1 టేబుల్, ఎల్2 టేబుల్, రిఫ్‌కౌంట్ బ్లాక్, డేటా క్లస్టర్లు]

ముందు ఫార్మాట్ గురించి అవసరమైనంత వరకు. క్యూకౌ2 ఫైల్‌ని క్లస్టర్లుగా విడగొడతారు. మామూలుగా ఒక్కో క్లస్టర్ 64 కేబీ. గెస్ట్ ఓఎస్, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే ఓఎస్, ఏదైనా ఒక చోటు అడిగితే ఎల్1 టేబుల్ చూసి, దాని నుంచి ఎల్2 టేబుల్‌కి వెళ్లి, అసలు డేటా ఫైల్‌లో ఎక్కడుందో కనుక్కుంటారు. ఒక్కో ఎల్2 ఎంట్రీ 8 బైట్లు. అంటే ఒక ఎల్2 టేబుల్‌లో 8192 ఎంట్రీలు పడతాయి, అది 512 ఎంబీ డిస్క్‌కి సరిపోతుంది. వీటికి తోడు రిఫ్‌కౌంట్ అని ఇంకో లెక్క ఉంటుంది. ఏ క్లస్టర్‌ని ఎంతమంది వాడుకుంటున్నారో అందులో ఉంటుంది. సున్నా ఉంటే ఖాళీ అని అర్థం.

ఇప్పుడు ప్యాచ్‌లో మొదటి భాగం.

[తెర మీద: మొదటి భాగం జూమ్. ఫ్లష్ లైన్ ఎరుపులో, రిఫ్‌కౌంట్ రాసే లైన్ కిందికి జరిగి ఆకుపచ్చలో]

కొత్త క్లస్టర్ కేటాయించేటప్పుడు పాత కోడ్ ముందు రిఫ్‌కౌంట్ రాసేది, ఫ్లష్ చేసేది (అంటే రాసింది నిజంగా డిస్క్ మీదికి చేరేదాకా ఆగేది), ఆ తర్వాతే ఎల్2 ఎంట్రీ రాసేది. ప్యాచ్ రాసినవారు ఫ్లష్ తీసేశారు. ఎల్2 ముందు రాసి, రిఫ్‌కౌంట్లన్నీ చివర్లో ఒకేసారి రాస్తున్నారు. కారణం వేగం. ఫ్లష్ ఖరీదైన పని, ఆ మాట నిజమే. వేగం కొలిచే బెంచ్‌మార్క్ అంకెలు కూడా బాగానే వస్తాయి. మామూలు టెస్టులన్నీ పాసవుతాయి కూడా. టెన్షన్ పెట్టేది అదే.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. పాత వరుసలో రిఫ్‌కౌంట్ రాశాక కరెంటు పోయిందనుకోండి. ఆ క్లస్టర్ వాడుకలో ఉన్నట్టు రాసి ఉంటుంది, దాన్ని చూపించేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. కొంత చోటు వృథా, అంతే. దీన్నే లీక్ అంటారు. రిపేర్ ఆప్షన్‌తో చెక్ కమాండ్ నడిపితే ఆ చోటు తిరిగొస్తుంది, డేటాకి ఏమీ కాదు. కొత్త వరుసలో ఎల్2 రాశాక కరెంటు పోతే? ఎల్2 ఒక క్లస్టర్‌ని చూపిస్తుంటుంది, రిఫ్‌కౌంట్ మాత్రం అది ఖాళీ అంటుంది. తర్వాత ఇంకో రైట్ వచ్చినప్పుడు అదే క్లస్టర్‌ని రెండోసారి ఇచ్చేస్తారు. ఒకే ప్లాటుని ఇద్దరికి రిజిస్టర్ చేసినట్టు. ఇద్దరూ దాని మీద రాస్తారు, ఒకరి డేటా పోతుంది.

చెక్ కమాండ్ కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. లీక్ మాత్రమే ఉంటే ఎగ్జిట్ కోడ్ 3, ఇమేజ్ పాడైతే 2.

వరుస పాతదే ఉంచి, ఫ్లష్ ఒక్కటే తీసేస్తే పర్లేదా అని అడగొచ్చు. కుదరదండీ. కోడ్‌లో ముందు రాసింది డిస్క్ మీదికి కూడా ముందే చేరుతుందన్న హామీ లేదు. రాసినదాన్ని ఓఎస్ తాత్కాలికంగా మెమరీలో ఉంచే పేజ్ క్యాష్, డిస్క్ సొంత క్యాష్ రెండూ వరుస మార్చేయగలవు. క్యూఎములో ఎల్2, రిఫ్‌కౌంట్ క్యాష్‌ల మధ్య, ఒకటి చేరాకే రెండోది రాయాలన్న డిపెండెన్సీ పెట్టింది ఇందుకే. వేగమే కావాలంటే, రిఫ్‌కౌంట్లు రాయడాన్ని వాయిదా వేసే లేజీ రిఫ్‌కౌంట్స్ అనే సరైన దారి ఇప్పటికే ఉంది. అందులో ముందు ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లో డర్టీ బిట్ అనే గుర్తు పెడతారు. మధ్యలో ఆగిపోతే, రిఫ్‌కౌంట్లని మళ్లీ కట్టాలని ఆ బిట్ చెబుతుంది. ఈ ప్యాచ్‌లో ఆ బిట్ ఊసే లేదు.

[తెర మీద: రెండో భాగం. ఒకే ఒక్క గుణకారం లైన్ మీద గీత]

రెండో భాగంలో మారింది ఒక్క లైనే. ఎల్1లో ఎన్ని ఎంట్రీలున్నాయో హెడర్ నుంచి చదివి, 8తో గుణించి, 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టారు. హెడర్‌లో 53,68,70,912 అని ఉంటే? ఎనిమిదితో గుణిస్తే 429,49,67,296. అంటే సరిగ్గా రెండు టు ది పవర్ 32. 32 బిట్లలో పట్టదు, సున్నా అయిపోతుంది. సున్నా బైట్ల మెమరీ తీసుకుని, అందులో కోట్ల ఎంట్రీలున్నాయనుకుని కోడ్ ముందుకు పోతుంది.

అలాంటి హెడర్ ఎవరు రాస్తారు అనకండి. డిస్క్ ఫైల్ బయటివాళ్ల దగ్గర నుంచి వస్తుంది. క్లౌడ్‌లో కస్టమర్ అప్‌లోడ్ చేస్తాడు. ఇలా అంకె పట్టకపోవడాన్ని ఇంటిజర్ ఓవర్‌ఫ్లో అంటారు. డిస్క్ ఫార్మాట్ల కోడ్‌లో బయటపడ్డ అలాంటి వాటికి సీవీఈ అనే భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-0143 అని నంబరే ఉంది. పదేళ్ల తర్వాత సీవీఈ-2024-4467 వచ్చింది. కావాలని తయారు చేసిన ఇమేజ్ మీద ఇన్ఫో కమాండ్ నడిపితే చాలు, హోస్ట్‌లోని, అంటే వర్చువల్ మెషీన్లని నడిపే అసలు కంప్యూటర్‌లోని, వేరే ఫైళ్లని చదివించడానికి, రాయించడానికి కూడా దారి దొరికేది. కాబట్టి గుణకారానికి ముందే హద్దు చూడాలి. క్యూఎములో ఎల్1 టేబుల్‌కి 32 ఎంబీ హద్దు ఉంది. 64 కేబీ క్లస్టర్లతో అది 2 పీబీ (పెటాబైట్ల) డిస్క్‌కి సరిపోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంకోటి, ఫైల్ చెప్పిన సైజుకి మెమరీ అడిగేటప్పుడు, దొరక్కపోతే ప్రోగ్రామ్‌నే ఆపేసే ఫంక్షన్ వాడొద్దు. ఎర్రర్ తిరిగిచ్చేది వాడాలి.

మూడో భాగంలో ఎల్2 రాయడం ఫెయిలైతే నేరుగా రిటర్న్ అవుతున్నారు. అంతకుముందు తీసుకున్న క్లస్టర్‌ని విడిచిపెట్టాలి కదా. చిన్న సవరణే.

[తెర మీద: టెస్ట్ ఫోల్డర్, 026 నంబర్ టెస్ట్ ఫైల్]

ఇవన్నీ కళ్లతో చూసి వదిలేయకుండా టెస్ట్ అడగాలి. క్యూఎములో బీఎల్‌కేడీబగ్ అనే డ్రైవర్ ఉంది. ఎల్2 రాసే సమయంలో ఎర్రర్ ఇవ్వు, డిస్క్ నిండిపోయిందని చెప్పు, ఇలా కోరిన చోట కోరిన తప్పు పుట్టించొచ్చు. 026 టెస్ట్ చేసేది అదే. మధ్యలో ప్రాసెస్‌ని చంపేసి చూసే పద్ధతి కావాలంటే 039 చూడండి.

[తెర మీద: కామెంట్ టైప్ అవుతూ]

ఇక నా జవాబు ఇలా రాస్తున్నాను: "ఫ్లష్ ఖర్చు తగ్గించాలన్న ఆలోచన బాగుందండీ, ఆ అవసరం నిజంగానే ఉంది. కానీ ఎల్2 తర్వాత, రిఫ్‌కౌంట్‌కి ముందు ఆగిపోతే ఒకే క్లస్టర్ రెండుసార్లు కేటాయింపు అవుతుంది. వరుస పాతదే ఉంచి, అనేక క్లస్టర్లకి కలిపి ఒకే ఫ్లష్ చేయగలమేమో చూడండి. ఎల్1 లెక్కని వేరే ప్యాచ్‌గా విడదీసి, గుణించే ముందు హద్దు పెట్టండి. ఎల్2 రాయడం ఫెయిలయ్యే దారికి ఒక టెస్ట్ జోడించండి. రెండో వెర్షన్ పంపగానే చూస్తాను."