రాచకొండ కథ, పోతన పద్యం

శ్రోతలకు నమస్కారం. సంస్థాన్ నారాయణపురం దిక్కు పోతే రాచకొండ గుట్టలు కనబడతాయి. ఆ కోట మాట ఎత్తగానే పెద్దలు ఒక కథ చెబుతారు. సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమియ్యమన్నాడట, పోతన ఇయ్యనన్నాడట, రాజుకు కోపమొచ్చి గ్రంథాన్ని నేలలో పాతిపెట్టించాడట, కొంత భాగం చెదలు తినేశాయట. అంతకుముందే సరస్వతి వచ్చి ఏడిస్తే కవి ఓదార్చాడని, "కాటుక కంటినీరు చనుకట్టుపయిం బడ నేల యేడ్చెదో" అనే ఉత్పలమాల కూడా చదువుతారు.

సరే, ఆ పద్యాన్ని చివరిదాకా చదువుదాం. తల్లిని ఎవరికి అమ్మనంటున్నాడు? "కర్ణాట కిరాట కీచకులకు" అంటున్నాడు. రాచకొండ ఏలినవాళ్లు రేచర్ల వెలమలు, కర్ణాట ప్రభువులు కారు. కథ రాచకొండకు లాగుతుంటే పద్యం ఇంకో దిక్కు చూపుతోంది. పైగా ఇది భాగవతంలో ఉన్న పద్యం కాదు, చాటువు, అంటే జనం నోట విడిగా తిరిగే పద్యం. ముందు పద్యంలోంచి కవి బతుకును అల్లడం, మళ్లీ ఆ బతుకుతోనే పద్యానికి అర్థం చెప్పడం! గానుగెద్దు ఎంత నడిచినా అక్కడే ఉంటుంది.

పాతిపెట్టిన కథకు మూలం వెతికితే గ్రంథంలోనే ఒక లోటు కనబడుతుంది. అయిదో స్కంధం గంగన రాసింది, ఆరోది సింగన, పదకొండూ పన్నెండూ నారయ. పోతన అంతా రాసి ఉంటే వీళ్లెందుకు రాశారు? ఆ ప్రశ్నకు జనం చెప్పుకున్న జవాబులా ఉంది ఈ చెదల కథ.

అందుకే పద్యం చేతికి రాగానే, కావ్యంలోదా చాటువా అని చూడాలి. కావ్యంలోదైతే అక్కడ మాట్లాడుతున్నదెవరో పట్టుకోవాలి. "లావొక్కింతయు లేదు" విని పోతనకేదో కష్టమొచ్చిందనుకుంటే ఎట్లా? అక్కడ మూర్ఛ వచ్చింది ఏనుగుకు. అదే అవతారికలోని "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" పద్యంలోనైతే "బమ్మెర పోతరాజొకడు" అని కవే తన పేరు చెప్పుకున్నాడు. రాజులకు ఇయ్యననే పంతం ఆయనదేనని ధైర్యంగా అనొచ్చు. కానీ ఏ రాజు? ఆ పద్యంలో ఒక్క పేరూ లేదు. ఇక భోగినీదండకం అనే శృంగార రచన పోతనదేనా అన్న తగువు తేలకముందే ఆయన యౌవనం మీద తీర్పు చెప్పేవాళ్లకు దండం పెట్టడమే.

తమాషా ఏమిటంటే, రసార్ణవసుధాకరం అనే సంస్కృత అలంకారగ్రంథం రాచకొండ సింగభూపాలుడి పేరుతోనే ఉంది. భావానికి కారణమయ్యే విభావం, అది బయటపడే తీరైన అనుభావం, మధ్యలో వచ్చిపోయే సంచారిభావం ఎట్లా కలిసి రసమవుతాయో చూసే శాస్త్రం అది. కవి ఇంట్లో ఏం జరిగిందని ఆ శాస్త్రం అడగదు.

మరి కవి బతుకు తెలియడం అసలే అక్కరకు రాదా? వస్తుంది. "ఓ నిజాము పిశాచమా" అన్న తేటగీతిని దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాశారు. నకిరేకల్ దగ్గరి మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి అప్పుడాయన తోటి ఖైదీ. "తీగలను తెంపి అగ్నిలో దింపినావు" అన్న పాదం కోసం కవి సొంత దుఃఖమేదో తవ్వక్కర్లేదు, గోడ తెలిస్తే చాలు. నాలుగే పాదాలు, ఎదురుగా నిలబెట్టి పిలిచినట్టు "ఓ" అనే మొదలు. చదివేవాళ్లు పక్క గదుల ఖైదీలు, కాపలా జవాన్లు.